తువ్వాల కట్టని పైపు

నాలుగు గంటలకు హెన్రీని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నాచారం పారిశ్రామికవాడలో ఆ పైపుల షెడ్డు ముందు పద్మశ్రీ ఆటో దిగేసరికి ఒంటిగంటా యాభై అయింది.

గేటు పక్కన ఇనుప స్టూలు మీద గ్రేస్ కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా. పొద్దున ఏడింటికి మల్కాజిగిరిలో పద్మశ్రీ ఇంటి తలుపు తట్టినప్పుడు కూడా ఆ డబ్బా ఆమె చేతిలోనే ఉంది. లాకప్‌లో ఉన్న మొగుడికి దాన్ని ఇవ్వనివ్వలేదు.

"అక్కా, ఒక్కసారి జైలుకు తోలిన్రంటే మళ్ళ ఎన్నడు ఇడుస్తరు? ఆయన ఆ సారును సంపుతడా? పైపుల నుంచి బయటికి గుంజింది ఆయనే గద."

"ఇంకా రెండు గంటలుంది గ్రేస్. మంగళవారం పొద్దున అతను ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాడో ఇంకొకసారి చెప్పు."

"ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. ఏడున్నరకు మా గల్లీకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. ఎనిమిది బిందెలు ఆయనే మోసిండు. శ్యామలమ్మతోని లొల్లి గూడ అయింది, లైన్ల బిందె జరిపిండని."

"ఆ లొల్లి మనకు మేలు చేస్తుందేమో. నువ్వు ఇక్కడే ఉండు."

హెన్రీ ఇల్లున్న పీర్జాదిగూడ నుంచి ఈ షెడ్డుకు మోటారు సైకిలు మీద ఇరవై అయిదు నిమిషాలు. హెన్రీ చెప్పిన లెక్క సరిపోతోంది. ఎనిమిదింబావుకు వచ్చాడు, ఎనిమిదీ ఇరవైకి శవాన్ని చూశాడు. పోలీసుల లెక్క వేరు. ఏడూ నలభైకే వచ్చాడనీ, గ్యాసు వదిలి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పాండురంగ ప్రాణం తీశాడనీ వాళ్ళ వాదం. ఆ ముప్పై అయిదు నిమిషాల తేడా మీదే హెన్రీ బతుకు ఆధారపడి ఉంది.

పద్మశ్రీ పదకొండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ఫ్యాక్టరీ ప్రమాదాలు పరిశీలించింది. డిటెక్టివ్‌గా సొంత బోర్డు పెట్టుకున్నది రెండేళ్ళ కిందటే. పాత పరిచయంతో ఈ షెడ్డు బీమా కంపెనీ నుంచి ఒక ఉత్తరం సంపాదించింది కాబట్టి లోపలికి రానిచ్చారు. పాండురంగ శవంతోపాటు ఓనరు కూడా ఆయన ఊరికి వెళ్ళాడు. పని ఆపేశారు. షెడ్డులో సూపర్‌వైజర్ బాలరాజు, ఊడ్చే మల్లవ్వ, గేటు దగ్గర ఒక కానిస్టేబులు, అంతే మనుషులు. పక్క షెడ్డులో మాత్రం గ్రైండర్ల మోత ఆగడం లేదు.

బాలరాజు అద్దాల క్యాబిన్‌లో కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. మే నెల ఎండకు రేకుల కప్పు కింద పెనం మీద ఉన్నట్టుంది. అతను మాత్రం చొక్కా మెడ గుండీ దాకా పెట్టుకున్నాడు. పద్మశ్రీ ఇచ్చిన ఉత్తరాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివి, తిరిగి ఇచ్చేశాడు.

"అడుగుండ్రి మేడమ్. దాసేదేం లేదు."

"మంగళవారం మీరెన్నింటికి వచ్చారు?"

"ఏడుంబావు. షెడ్డు తాళం నాకాడనే ఉంటది."

"పాండురంగగారు?"

"ఎనిమిది. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ గద, టైమంటే టైమే. వచ్చినంక సీద పద్నాలుగో పైపు కాడికి పోయిండు."

"హెన్రీ?"

"ఏడూ నలభై. ఆ పైపు కాడ తచ్చాడుతుండె. ఈ కుర్సీల కూసొనే సూసిన."

పద్మశ్రీ అద్దంలోంచి చూసింది. పద్నాలుగో పైపు అక్కడికి నలభై అడుగులుంటుంది. షెడ్డులో వెలుతురు కూడా అంతంత మాత్రమే.

"హెన్రీయేనని అంత దూరం నుంచి ఎలా గుర్తుపట్టారు?"

"ఆరేండ్ల నుంచి సూస్తున్న మేడమ్, గుర్తువట్టనా?"

"అదీ నిజమే. ఇవాళ ఏం తారీఖండీ? ఆ ఎదుటి గోడ మీద క్యాలెండర్ చూసి కాస్త చెప్పండి, రాసుకుంటాను."

బాలరాజు తలెత్తి పదడుగుల దూరంలో ఉన్న గోడ వైపు చూశాడు. "మే ఇరవై ఒకటి," అన్నాడు.

తారీఖు సరైనదే. కానీ ఆ క్యాలెండర్‌లో ఎవరూ కాగితం తిప్పలేదు. దాని మీద అరచేతి పొడవు అక్షరాలతో ఏప్రిల్ అని ఉంది. పద్మశ్రీ తారీఖు రాసుకుంది.

"మీరూ వెల్డరేనా?"

"ఏం మాట మేడమ్! ఈ షెడ్డుల మొదటి నంబర్ నాదే. సూపర్‌వైజరైనంక ఎందుకు చేస్త? ఐదేండ్లాయె వెల్డింగ్ గన్ను పట్టక."

మాట్లాడుతూ అతను మెడ గుండీ కింద వేలు పెట్టి గోక్కున్నాడు. వెంటనే చెయ్యి తీసేశాడు.

*

పన్నెండు, పదమూడు, పద్నాలుగు నంబర్ల పైపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు, ఛాతీ ఎత్తు. స్టెయిన్‌లెస్ స్టీలు. ప్రతి పైపుకూ పై అంచుకు జానెడు కిందుగా ఒక అతుకు ఉంది. అతుకు పక్కన దాన్ని అతికిన వెల్డరు నంబరు పంచ్‌తో కొట్టి ఉంది. మూడింటి మీదా పదకొండే. అది హెన్రీ నంబరు.

స్టీలు పైపును అతికేటప్పుడు లోపలివైపు గాలి తగిలితే అతుకు మాడి నల్లబడుతుంది. అందుకని ముందుగా పైపు నిండా ఆర్గాన్ గ్యాసు వదులుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు. నిలబెట్టిన పైపులో బావిలో నీళ్ళలా నిలిచి ఉంటుంది. అందులో తల పెట్టిన మనిషికి ఊపిరి అందడం లేదన్న సంగతి కూడా తెలియదు. రెండు మూడు సార్లు పీలుస్తాడు, అంతే.

అందుకే ఈ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. గ్యాసు వదిలిన వెల్డరు పైపు మెడకు తన తువ్వాల కడతాడు. గ్యాసు ఆపి, గాలి కొట్టి, లోపల ఏమీ లేదని తేలాక విప్పుతాడు. తువ్వాల ఉన్న పైపులో ఎవరూ తల పెట్టరు. లేని పైపులో పెట్టడానికి ఎవరూ భయపడరు. మంగళవారం పాండురంగ తల పెట్టినప్పుడు పద్నాలుగో పైపుకు తువ్వాల లేదు. లోపల గ్యాసు మాత్రం అంచు దాకా ఉంది.

పద్మశ్రీ ముందు సిలిండర్ చూసింది. స్తంభానికి గొలుసుతో కట్టి ఉంది. దాని రెగ్యులేటర్ పక్కన నిటారుగా చిన్న గాజు గొట్టం, అందులో గోళీకాయంత నల్ల బంతి. గ్యాసు పారుతుంటే బంతి పైకి తేలుతుంది. ఇప్పుడు అడుగున పడి ఉంది. సిలిండర్ నుంచి వచ్చిన రబ్బరు గొట్టం పద్నాలుగో పైపు అడుగున ఇంకా తగిలించే ఉంది. దేన్నీ కదపొద్దని పోలీసులు చెప్పిపోయారు.

తర్వాత ఆమె నేల వైపు వంగింది. పన్నెండు, పదమూడు పైపుల చుట్టూ నేల శుభ్రంగా ఉంది. చీపురు గీతలు కూడా కనిపిస్తున్నాయి. పద్నాలుగో దాని చుట్టూ మాత్రం మూడడుగుల మేర గ్రైండింగ్ దుమ్ము బూడిదలా పరుచుకుని ఉంది. పోలీసులు సున్నంతో గీసిన గీత ఆ దుమ్ము మీదుగా పోయింది.

"అవ్వా, జర ఇట్లా రా," అని మల్లవ్వను పిలిచింది. "దీని చుట్టూ ఎందుకు ఊడ్వలేదు?"

"పోలీసోల్లు ముగ్గేసిన్రు గద బిడ్డా. ముగ్గు తొక్కుతె నన్ను గూడ జీపెక్కిస్తరు."

"ముగ్గు దుమ్ము మీద ఉంది అవ్వా. అంటే వాళ్ళు రాకముందే నువ్వు ఈ చోటు వదిలేశావు."

మల్లవ్వ చీపురు చంకలో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"గదా? తువ్వాల కట్టుండె బిడ్డా. తువ్వాల ఉన్న పైపు కాడ నేను ఊడ్వ. ఒకపారి చీపురు తగిలి గ్యాస్ పైపు ఊడొస్తె హెన్రీ పోరడు నెత్తి నోరు కొట్టుకున్నడు. అప్పటిసంది దూరంకెళ్ళే ఊడ్సుకుంట పోత."

పద్మశ్రీ మళ్ళీ పెన్ను తీసింది. "ఎప్పుడు కట్టి ఉంది? సోమవారమా?"

"కాదు, మంగళారం పొద్దుగాల. ఆ సారు సచ్చిపోయిన దినమే. పక్క కంపెనీల ఏడున్నర సైరన్ మోగినంక ఈడికి ఊడ్సుకుంట వచ్చిన."

"ఈ మాట పోలీసులకు చెప్పావా?"

"అడుగుతె గద చెప్పుడు! ఛాయ్ తెమ్మన్నరు. తెచ్చిచ్చిన."

"ఎవరి తువ్వాల అది?"

"నాకేమెరుక? ఎర్రది. కంపెనీ అందరికి ఎర్రయే ఇచ్చింది."

ఏడున్నరకు తువ్వాల కట్టి ఉంది. ఎనిమిదింటికి పాండురంగ వచ్చేసరికి లేదు. హెన్రీ కట్టడం మరిచాడన్న ప్రశ్నే లేదు. ఎవరో గ్యాసు వదిలి, తువ్వాల కట్టి, పైపు నిండేదాకా ఆగి, పాండురంగ అడుగుల చప్పుడు వినగానే విప్పేశారు. ఆ సమయానికి హెన్రీ పీర్జాదిగూడలో బిందెల కోసం పోట్లాడుతున్నాడు.

కానీ ఊడ్చే ఆవిడ మాట, నీళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళ మాట ఈ కేసు చూస్తున్న సీఐ ఉమాపతి వింటాడా? రెండూ పదకొండైంది. చేత్తో పట్టుకుని చూపించగలిగింది ఒకటి కావాలి.

ఆమె అతుకుల దగ్గరికి వెళ్ళింది. పన్నెండు, పదమూడు పైపుల అతుకులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. పొలుసులన్నీ ఎడమ నుంచి కుడికి నడిచాయి. హెన్రీ ఎడమచేతి వాటం మనిషి. పొద్దున లాకప్ కటకటాల్లోంచి ఆమెకు ఎడమ చేత్తోనే నమస్కారం పెట్టబోయి, సిగ్గుపడి రెండో చెయ్యి కలిపాడు. నిలబెట్టిన పైపు చుట్టూ తిరుగుతూ అతికేటప్పుడు కుడిచేతివాళ్ళు కుడి నుంచి ఎడమకు పోతారు. ఎడమచేతివాళ్ళ నడక దానికి ఎదురు.

పద్నాలుగో పైపు అతుకు మీద పొలుసులే లేవు. ఎవరో గ్రైండర్‌తో అరగదీసి అద్దంలా నున్నగా చేశారు. మిగతా రెండింటికీ చెయ్యని ఆ పని దీనికే ఎందుకు?

పైన అరగదియ్యొచ్చు. లోపల? లోపలివైపు అతుకు అలాగే ఉండి ఉంటుంది.

"ఏం సూస్తున్నరు మేడమ్?"

బాలరాజు వెనకనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"లోపలి అతుకు చూడాలండీ. అద్దం, టార్చిలైటు ఉన్నాయా?"

"పాండురంగ సారు అద్దం పోలీసోల్లు తీస్కపోయిన్రు. స్టోర్ల ఇంకోటి ఉండాలె, ఎతుకుత. మీరు మస్తు సేపటిసంది నిలవడ్డరు. క్యాబిన్ల కూసోండ్రి, ఛాయ్ చెప్తా. ఛాయ్ అయ్యేవరకు తెచ్చిస్త."

*

టీ వచ్చేసరికి సీఐ ఉమాపతి కూడా వచ్చాడు. రెండూ యాభై అయిదు.

"డిటెక్టివ్ మేడమ్‌గారు! వెల్డింగ్ గిట్ల నేర్చుకుంటున్నరా?" అంటూ కుర్చీ లాక్కున్నాడు. "మా కానిస్టేబులు చెప్పిండు, నేల మీద వంగి వంగి సూస్తున్నరట. ఏమన్న పోగొట్టుకున్నరా?"

"మీరు పోగొట్టుకున్నది వెతుకుతున్నానండీ. మంగళవారం ఏడున్నరకు ఆ పైపుకు తువ్వాల ఉంది. మల్లవ్వ చూసింది."

"ఆ ముసలామెనా? నాకు ఛాయ్‌ల చక్కెర మర్చిపోయింది. తువ్వాల గుర్తుంటదా?"

"నేల మీద దుమ్ముకు గుర్తుంది. వెళ్ళి చూడండి."

ఉమాపతి నవ్వాడు. నవ్వు ఆపి వేళ్ళ మీద లెక్క చెప్పాడు. "పద్మశ్రీగారూ, గ్యాస్ వాల్వ్ మీద హెన్రీ వేలిముద్రలు. అతుకు పక్కన హెన్రీ నంబర్. సోమవారం సాయంత్రం ఇద్దరు కొట్లాడిన్రు, ఈడ అందరు విన్నరు. పొద్దున ఏడూ నలభైకి ఆడ సూసినోడు ఉన్నడు. ఇంకేం గావాలె?"

"శవం కనిపించగానే వెల్డరు మొదట చేసే పని గ్యాసు ఆపడం. ఆపకుండా ఆయన్ని బయటికి లాగబోతే తనూ పడిపోతాడు. వేలిముద్రలు ఉండకపోతేనే అనుమానించాలి. ఇక కొట్లాట దేని గురించి?"

"జాయింట్ బాగలేదని. పాండురంగ నోట్‌బుక్కుల రాసి ఉంది." ఉమాపతి జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

సన్నటి గుండ్రటి అక్షరాలు. *పైపు 14. అతికింది ఆదివారం. పైన ఎందుకు గ్రైండ్ చేశారు? ఇది హెన్రీ చెయ్యి కాదు. 6, 9 కూడా ఇంతేనేమో. హెన్రీని అడగాలి. రేపు పొద్దున లోపల చూడాలి.*

పద్మశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది చదివి కూడా హెన్రీని పట్టుకున్నారా? హెన్రీ చెయ్యి కాదని ఆయనే రాశారు కదా!"

"హెన్రీ మామూలు పనోలె లేదని దాని అర్థం. ఖరాబు చేసిండు, అడిగితే కోపమొచ్చింది."

"ఆదివారం హెన్రీ పదింటి నుంచి ఒంటిగంట దాకా చర్చిలో ఉన్నాడు. ఆ రోజు పనికే రాలేదు. సోమవారం పాండురంగగారు అడిగితే, ఇది నాది కాదు, నా నంబరు ఎవరు కొట్టారని అరిచాడు. మీరు కొట్లాట అంటున్నది ఆ అరుపునే."

"చర్చిలోల్లు చర్చిలోనికే సాక్ష్యం చెప్తరు. ట్యాంకర్ ఆడోల్లకు గడియారాలు ఉండవు. ముసలామెకు తువ్వాల కలల కనబడ్డది." ఉమాపతి కప్పు కింద పెట్టాడు. "నాలుగింటికి నేను కోర్టుల ఏం చూపియ్యాలె మేడమ్? దుమ్మా?"

"అతుకు. మూడు పైపుల లోపలి అతుకులూ చూడండి. పన్నెండు, పదమూడు ఒక దిక్కుకు నడుస్తాయి. పద్నాలుగు ఎదురు దిక్కుకు నడిస్తే, అది ఎడమచేతి వాటం మనిషి పని కాదు. అలా నడవకపోతే నా బోర్డు పీకేసి ఇంట్లో కూర్చుంటాను."

"మాట మీద ఉంటరా?"

"ఉంటాను."

ఉమాపతి లేచాడు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. అద్దం కోసం వెళ్ళిన బాలరాజు అప్పుడే తలుపు దగ్గరికి వచ్చాడు. ఒక చేతిలో పొడుగు కాడ ఉన్న గుండ్రటి అద్దం, ఇంకో చేతిలో టార్చిలైటు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. సీఐని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన వచ్చిన సంగతి అతనికి తెలియనట్టుంది.

"ఇటియ్యి," అని ఉమాపతి రెండూ లాక్కుని ముందు నడిచాడు.

పన్నెండో పైపులో చూశాడు. పదమూడులో చూశాడు. "నిజమే, ఎడమ నుంచి కుడికి," అని గొణిగాడు. పక్క షెడ్డు మోతలో ఆ మాట సరిగా వినిపించలేదు. మల్లవ్వ అవతలి గోడ వెంట ఊడుస్తోంది. బాలరాజు స్తంభం దగ్గర నిలబడిపోయాడు.

ఉమాపతి సున్నం గీత దాటి పద్నాలుగో పైపు దగ్గరికి వెళ్ళాడు. పక్కనున్న పీట మీద ఎక్కి, అద్దం ముందుకు చాచి, అంచు మీదుగా వంగాడు.

"సార్..." అన్నాడు బాలరాజు. తర్వాత నోరు మూసుకున్నాడు.

ఆ గొంతులో ఏదో తేడా వినిపించి పద్మశ్రీ అతని వైపు తిరిగింది. అతను సీఐ వైపు చూడటం లేదు. స్తంభానికి కట్టిన సిలిండర్ వైపు చూస్తున్నాడు. ఆమె కళ్ళు కూడా అటే పోయాయి.

గాజు గొట్టంలో నల్ల బంతి అడుగున లేదు. నడి మధ్యలో తేలుతూ సన్నగా వణుకుతోంది.

"ఉమాపతిగారూ! లేవండి!"

ఆయన లేవలేదు. పైపు లోపల టార్చిలైటు ఠంగుమని పడింది. బూట్లు పీట మీద నుంచి జారాయి. మనిషి నడుము దగ్గర మడతపడి, సగం పైపులోకి వేలాడాడు.

పద్మశ్రీ ఊపిరి బిగబట్టి ఆయన బెల్టు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగింది. కదల్లేదు. "అవ్వా!" అని అరవడానికి నోట్లో గాలి లేదు. చీపురు నేల మీద పడిన చప్పుడు వినిపించింది. మల్లవ్వ వచ్చి ఒక కాలు పట్టుకుంది. ఇద్దరూ ఒక్క ఊపున లాగారు. ముగ్గురూ కలిసి దుమ్ములో పడ్డారు.

ఉమాపతి పెదవులు నీలంగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... పద్మశ్రీ ఆయన గడ్డం ఎత్తి పట్టుకుని లెక్కపెడుతోంది. ఏడు అనేసరికి ఛాతీ ఎగిసింది. ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది.

ఆమె లేచి వెళ్ళి వాల్వు బిగించింది. బంతి అడుగుకు జారింది. టీకి వాళ్ళు పైపుల వైపు వీపు పెట్టి కూర్చున్నది ఇరవై అయిదు నిమిషాలు. ఈ పైపు నిండటానికి పదిహేను చాలు.

ఉమాపతి మోచేతుల మీద లేచాడు. రెండుసార్లు దగ్గాడు. కళ్ళు ఇంకా ఎక్కడో ఉన్నాయి. "నాకేమైంది?" అన్నాడు.

"పాండురంగగారికి అయిందే. ఆయన పక్కన మనిషి లేడు, అంతే తేడా."

"గ్యాస్ ఎవడు ఇడిసిండు? ఆ హెన్రీగాడు..." అంటూనే మాట మింగేశాడు.

"హెన్రీ మీ లాకప్‌లో ఉన్నాడు," అంది పద్మశ్రీ.

మల్లవ్వ చీర దులుపుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టే అంది. "గిదేందమ్మా, ఇప్పటిదాక తువ్వాల కట్టే ఉండె. అందుకే నేను ఆ గోడ దిక్కు పోయిన. మీరొచ్చే ముంగట బాలరాజు సారు ఇప్పి జేబుల వెట్టుకున్నడు."

బాలరాజు ప్యాంటు జేబులోంచి ఎర్రటి కొన బయటికి కనిపిస్తోంది.

కానిస్టేబులు గేటు నుంచి పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. అతను పెనుగులాడలేదు. రెండో చేత్తో మెడ గుండీ, దాని కింది గుండీ విప్పుకున్నాడు, ఇక ఉక్క భరించలేనట్టు. గొంతు కింద చర్మం మూడు కోణాల ఆకారంలో కమిలి, పొరలు పొరలుగా లేస్తోంది. చొక్కా గుండీ తీసి వెల్డింగ్ చేసినవాళ్ళకు ఆ వెలుగు సరిగ్గా అక్కడే కాలుస్తుంది. ఐదేళ్ళ కిందటి మచ్చ కాదది. ఆదివారంది.

"కళ్ళ పరీక్షలో తప్పారు కదూ? అందుకే మీ నంబరు తీసేశారు," అంది పద్మశ్రీ.

"ఇరవై రెండేండ్లు మేడమ్. ఒక్క జాయింట్ రిజెక్ట్ కాలే నాది." బాలరాజు నేల చూస్తూ అన్నాడు. "ఆదివారం ఆడు చర్చికి పోతడు. లోడ్ ఆగకూడదని ఓనర్ ఒకటే పోరు. నేనే చేసిన. ఆని నంబర్ కొట్టిన. పాండురంగ సారుకు చెప్పిన, ఇడిసిపెట్టుమని, కాల్లు మొక్కిన. లోపల సూసినంకనే మాట్లాడుదం అన్నడు."

"ఒక్కటి చెప్పండి. చంపాలని గ్యాసు వదిలినవాళ్ళు తువ్వాల ఎందుకు కట్టారు? రెండుసార్లూ కట్టారు. కట్టకపోతే మల్లవ్వ ఊడ్చేది, మాకేమీ తెలిసేది కాదు."

బాలరాజు తలెత్తి, ఆమె అడగరానిది అడిగినట్టు చూశాడు.

"కట్టకుంటె ఎట్ల మేడమ్? తెల్వనోల్లు ఎవరన్న తల వెడితే సస్తరు గద."

ఉమాపతి గోడ పట్టుకుని లేచి, సెల్‌ఫోను నొక్కాడు. "హెన్రీని బండి ఎక్కియ్యకుండ్రి... అవును, కోర్టుకు నేనే ఫోన్ చేస్త... చెప్పింది చెయ్యి! ఆయనకు అన్నం పెట్టిన్రా? పెట్టుండ్రి." ఫోను జేబులో పెట్టుకున్నాడు కానీ పద్మశ్రీ వైపు చూడలేకపోయాడు. "మేడమ్, ఆమె... గేటు కాడ కూసున్న ఆమెకు మీరే చెప్పుండ్రి."

పద్మశ్రీ గేటు వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. ఉమాపతి చూపించిన జిరాక్సు కాగితంలోని మాట గుర్తొచ్చింది. *6, 9 కూడా ఇంతేనేమో.*

ఆమె చుట్టూ చూసింది. షెడ్డులో ఉన్నవి పన్నెండు నుంచి పద్నాలుగు దాకే.

"బాలరాజుగారూ, ఆరు, తొమ్మిది ఎక్కడున్నాయి?"

బాలరాజు మళ్ళీ నేల వైపు చూశాడు.

"అవి కూడా మీరు అతికినవే కదా? ఎక్కడున్నాయి?"

"సోమవారం లోడ్ల పోయినయ్. నాగారం అవతల మందుల ఫ్యాక్టరీకి. లైన్ల బిగించిన్రు. ఇయ్యాల టెస్టు."

"నీళ్ళతోనా, గాలితోనా?"

"గాలితోని."

నీళ్ళతో పరీక్షిస్తే అతుకు తెగినా నీళ్ళు కారి ఊరుకుంటాయి. బిగబట్టిన గాలి అలా ఊరుకోదు, రెండడుగుల పైపును బాంబులా పేలుస్తుంది. పైగా గాలి పరీక్షంటే మనుషులు అతుకుల పక్కనే కూర్చుని సబ్బునీళ్ళు రాస్తూ బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. పద్మశ్రీ అలాంటి చోట్లు రెండు చూసింది. రెండు చోట్లకూ ఆమె వెళ్ళింది అంతా అయిపోయాకే.

"ఆ అతుకులు నిలుస్తాయా?"

బాలరాజు పెదవులు కదిలాయి. "ఏమో మేడమ్. అతికేటప్పుడే నాకు సక్కగ కనబడలే."

ఉమాపతి మళ్ళీ ఫోను తీశాడు. "ఎన్నింటికిరా టెస్టు?" అని అరిచాడు.

బాలరాజు క్యాబిన్ గోడ మీది గడియారం వైపు కళ్ళు చికిలించి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆఖరికి పద్మశ్రీ వైపు తిరిగాడు.

"ఇప్పుడు టైమెంత మేడమ్?"

"మూడూ నలభై ఎనిమిది."

"నాలుగింటికి," అన్నాడు బాలరాజు.